ఒకే ఇరుసు మీద రెండు కొలతల టైర్లు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యులు పాల్గొన్న సమావేశంలో పాల రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాడి పశువుల గురించి, పచ్చిమేత గురించి, వెన్న శాతం గురించి వినడానికి వచ్చిన మీకు మేము టైర్ల గురించి చెప్పబోతున్నామంటే కొంత వింతగా తోచవచ్చు. కాని గాలి టైరుకూ పశువులకూ పాత సంబంధమే వుంది. గాలి నింపిన రబ్బరు టైరును వాడుకలోకి తెచ్చిన జాన్ బాయిడ్ డన్లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. ఐర్లండులోని బెల్ఫాస్టు నగరంలో వైద్యం చేసుకుంటూ, తన కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు లేకుండా పోవడానికి 1887లో గాలి గొట్టం అమర్చి, 1888లో పేటెంటు పొందాడు. అంతకు 40 ఏండ్ల ముందే రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన ఇదే ఆలోచనకు పేటెంటు తీసుకొని వున్నాడని తర్వాత తేలింది. ఆలోచన ఎవరిదైనా, దాన్ని లోకానికి అలవాటు చేసింది మాత్రం ఒక పశువుల డాక్టరే. మన ప్రాంతంలో ఇనుప పట్టా చక్రాల బండి పోయి టైరు బండి వచ్చిన తర్వాత ఎడ్ల మెడలకు ఎంత సుఖం కలిగిందో మీలో పెద్దవారికి తెలుసు.

ఆ టైరు మీదనే నేడు మన పాలు ప్రయాణం చేస్తున్నాయి. ఊళ్ళో సభ్యురాలు పోసిన పాలు శీతల కేంద్రానికి చేరాలన్నా, పల్లెలోని పెద్ద కూలరులో చల్లబడిన పాలు ట్యాంకరులో డెయిరీకి చేరాలన్నా టైర్లే దిక్కు. సంఘంలో ప్రతి పూటా నమూనా తీసి వెన్న చూస్తాము. లాక్టోమీటరు వేస్తాము. అర లీటరు తేడా వస్తే లెక్క అడుగుతాము. కాని ఆ పాలను మోసే వ్యాను కింద నాలుగు చక్రాలూ ఒకే కొలతలో వున్నాయా అని ఎన్ని సంఘాలు చూస్తున్నాయి? ఈ ఒక్క ప్రశ్న మీ ముందుంచడానికే మేము వచ్చాము.

తేడా ఎలా వస్తుంది?

కావాలని ఎవరూ తేడా టైర్లు వేయరు. సామాన్యంగా జరిగేది ఇది. తెల్లవారుజామున రూటు మీద వ్యాను పంక్చరు అవుతుంది. స్టెప్నీ ఎప్పటిదో పాతది. పంక్చరు షాపులో అడిగితే, ఒక పాత టైరు వుంది, రిమ్ముకు పడుతుంది అంటారు. "రిమ్ముకు సరిపోయింది గదా, ఇంకేం కావాలి బాబాయ్, తిరుగుతుంది లెండి" అంటారు. పాలు ఆగకూడదు గనుక డ్రైవరు వేయించుకుంటాడు. ఆ పూట గడుస్తుంది. మర్నాడు కూడా గడుస్తుంది. అలా గడిచినన్నాళ్ళు ఆ టైరు అక్కడే వుండిపోతుంది.

ఇక మిరప కాలం వస్తే పరిస్థితి మరీ కష్టం. ఉదయం పాలు దించిన వ్యాను మధ్యాహ్నం మిర్చి టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డుకు పోతుంది. సాయంత్రం మళ్ళీ పాల క్యాన్లకు వస్తుంది. టైర్లు చూసుకొనే తీరిక యజమానికి వుండదు. చాలా చోట్ల యజమానీ డ్రైవరూ ఒక్కరే. వాయిదాలు కట్టుకుంటూ నడుపుకొనే మనిషి నాలుగు టైర్లు ఒకసారి కొనలేడు. ఒకటొకటిగా, దొరికినవి దొరికినట్లు వేసుకుంటాడు. అతన్ని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. టైరు రిమ్ముకు పట్టడం వేరు, జతకు కుదరడం వేరు అన్న సంగతి అతనికీ మనకూ తెలియాలి.

టైరు పక్కన రాసి వున్నది చదవండి

ప్రతి టైరు పక్క గోడ మీద దాని జాతకమంతా అచ్చు వేసి వుంటుంది. చాలా మారుతి 800 కార్లకు వచ్చే టైరు 145/70 ఆర్ 12. అదే కంపెనీ ఆల్టోకు 145/80 ఆర్ 12 వచ్చేది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవ అంకె, వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్. చివరి 12 రిమ్ము వ్యాసం, అంగుళాలలో.

ఈ రెండూ 12 అంగుళాల రిమ్ముకే పడతాయి. వెడల్పూ ఒకటే. చూపుకు కూడా అన్నదమ్ముల వలె వుంటాయి. కాని లెక్క వేసి చూడండి. మొదటి దాని ఎత్తు 145లో 70 శాతం, అంటే 101.5 మిల్లీమీటర్లు. రెండవ దాని ఎత్తు 116 మిల్లీమీటర్లు. పైనా కిందా రెండు వైపుల ఎత్తూ రిమ్ముకు కలిపితే, మొదటి టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు, రెండవది సుమారు 537. తేడా 29 మిల్లీమీటర్లు. ఒక చుట్టు తిరిగితే చిన్న టైరు నడిచే దూరం 1595 మిల్లీమీటర్లు, పెద్దది 1686. అంటే ప్రతి చుట్టుకూ 9 సెంటీమీటర్ల తేడా.

ఒక కిలోమీటరు పోవడానికి పెద్ద టైరు 593 చుట్లు తిరిగితే, చిన్నది 627 చుట్లు తిరగాలి. కిలోమీటరుకు 34 చుట్లు ఎక్కువ. రోజుకు 80 కిలోమీటర్ల రూటు అయితే 2720 చుట్లు. నెల రోజులకు 80 వేల పైచిలుకు. రిమ్ముకు సరిపోయింది గదా అన్న మాట వెనుక ఇంత లెక్క దాగి వుంది.

కొలత పక్కనే మరో అంకె, ఒక అక్షరం వుంటాయి. ఆ అంకె టైరు మోయగల బరువుకు గుర్తు. 69 అని వుంటే 325 కిలోలు, 74 అని వుంటే 375 కిలోలు మోస్తుంది. ఒక వైపు 74 టైరు, మరో వైపు 69 టైరు వేస్తే ఆ ఇరుసు బలం బలహీనమైన టైరును బట్టే వుంటుంది గాని, బలమైన దాన్ని బట్టి వుండదు. మన 40 లీటర్ల క్యాను నిండా పాలు పోస్తే, క్యాను బరువుతో కలిపి సుమారు 50 కిలోలు. 15 క్యాన్లు ఎక్కితే 750 కిలోలు. ఆ బరువులో ఎక్కువ పాలు వెనుక ఇరుసు మీదనే పడుతుంది.

కాడికి కట్టిన జత

ఎద్దుల సంగతి తెలిసిన మనకు ఇది బోధపడడం తేలిక. వలపట ఎద్దు ఎత్తుగా, దాపట ఎద్దు పొట్టిగా వుంటే కాడి వాలుతుంది. పొట్టి ఎద్దు మెడ కాస్తుంది. రెండూ మంచి ఎద్దులే కావచ్చు, విడివిడిగా దేన్నీ వంక పెట్టలేము. కాని జతగా పనికిరావు. ఒక ఇరుసు మీది రెండు టైర్లూ అటువంటి జతే. ఎద్దుకు మెడ కాస్తే మనకు కనబడుతుంది. వ్యానుకు కాసేది ఇనుప డొల్ల లోపల గనుక కనబడదు. తేడా అంతా అక్కడ వుంది.

ఆ డొల్లను డిఫరెన్షియల్ అంటారు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి గదా. రెంటికీ ఒకే కడ్డీ బిగిస్తే ఒకటి ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోకుండా మధ్యలో చిన్న పళ్ళ చక్రాలు పెట్టారు. మెకానిక్కులు వాటిని స్టార్ పినియన్లు అంటారు. బండి తిన్నగా పోతున్నప్పుడు ఈ చిన్న చక్రాలు తమ చుట్టూ తాము తిరగవు, మొత్తం గుత్తితో పాటు పోతాయి. మలుపులో మాత్రమే కొద్దిసేపు తిరుగుతాయి. వాటిని తయారు చేసిన వారు ఆ కొద్దిసేపటి పనికే తయారు చేశారు.

చోదక ఇరుసు మీద, అంటే ఇంజను తిప్పే ఇరుసు మీద, రెండు కొలతల టైర్లు వేశామనుకోండి. అప్పుడు తిన్నని రోడ్డు మీద కూడా వ్యాను లోపల ఎడతెగని మలుపు నడుస్తూ వుంటుంది. చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి చాలా దూరం తిన్నగానే వుంటుంది. కాని ఆ స్టార్ పినియన్లకు మాత్రం దారి పొడుగునా మలుపే. నూనె వేడెక్కుతుంది. వాషర్లు అరుగుతాయి. ముందు చిన్న రొద వస్తుంది, పాల క్యాన్ల చప్పుడులో అది వినబడదు. వినబడే నాటికి పని పెద్దది అయి వుంటుంది. ఒక టైరు దగ్గర మిగిల్చిన డబ్బు అంతకు అనేక రెట్లుగా ఆటోనగరులో ఖర్చు అవుతుంది.

గ్లాసు దొర్లించి చూడండి

ఇంటికి పోయిన తర్వాత ఒక పని చేయండి. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా వున్న స్టీలు గ్లాసును పక్కకు పడుకోబెట్టి గచ్చు మీద దొర్లించండి. అది తిన్నగా పోదు. సన్నని అడుగు వైపుకు తిరిగి గుండ్రంగా చుట్టు కొడుతుంది. ముందు చక్రాలలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వున్న వ్యాను గ్లాసంత ఘోరంగా తిరగదు. దాని చక్రాలు విడివిడిగా తిరుగుతాయి. అయినా బండి ఒక పక్కకు ఒరుగుతుంది, చిన్న టైరు వైపుకు లాగుతుంది. డ్రైవరు స్టీరింగును ఎప్పుడూ రెండో వైపుకు కొంచెం బిగపట్టి నడపవలసి వస్తుంది. కొద్దిరోజులకు చేతికి అది అలవాటై, లాగుతున్న సంగతే మరచిపోతాడు.

బ్రేకు కొట్టినప్పుడు అది గుర్తుకు వస్తుంది. రెండు వైపుల బ్రేకులూ ఒకే బలంతో పట్టినా, చిన్న చక్రం దగ్గర ఆ బలం నేల మీద ఎక్కువగా పనిచేస్తుంది, పెద్ద చక్రం దగ్గర తక్కువగా. బండి ఒక పక్కకు తన్నుతుంది. ఎదురుగా పత్తి బోరాల లారీ వస్తున్నప్పుడు, రోడ్డు మార్జిను రేగడి బురదగా వున్నప్పుడు, ఆ తన్ను ఎంత దూరం పోతుందో ఎవరూ చెప్పలేరు. తెల్లవారుజామున పాల వ్యానులో ఎక్కి పట్నం పోయే ఆడవాళ్ళు, బడి పిల్లలు ఎందరో వుంటారు. పాల వ్యానులో మనుషులను ఎక్కించుకోవడమే తప్పు అన్నది వేరే మాట. ఎక్కుతున్నారన్నది మాత్రం మీరూ మేమూ రోజూ చూస్తున్నదే.

కొత్త వాహనాలలో బ్రేకు బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.యస్. అనే ఏర్పాటు వుంటున్నది. అది ప్రతి చక్రం వేగాన్నీ కొలిచి పనిచేస్తుంది. ఒక చక్రం చిన్నదైతే దాని వేగం మిగతా వాటితో కలవదు. లెక్క తప్పిన తూకపు రాయితో తూచినట్లు అవుతుంది.

మరో సంగతి. చోదక చక్రాలకు రెంటికీ పెద్ద టైర్లు వేస్తే జత కుదిరినట్లే గదా అనవచ్చు. జత కుదురుతుంది గాని స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది. పైన చెప్పిన రెండు కొలతల లెక్కన, ముల్లు 60 చూపుతుంటే బండి 63కు పైగా పోతూ వుంటుంది. కిలోమీటర్ల లెక్క కూడా తక్కువ చూపుతుంది. రూటు కిరాయి కిలోమీటరు మీద కట్టే చోట అది యజమానికే నష్టం.

జంట చక్రాలు, నాలుగు చక్రాల చోదనం

ట్యాంకర్లకు, లారీలకు వెనుక ఒక్కొక్క వైపు రెండేసి టైర్లు పక్కపక్కన వుంటాయి. ఈ రెండూ ఒకే హబ్బుకు బిగించినవి. ఒకే లెక్కన తిరగక తప్పదు. వాటి మధ్య డిఫరెన్షియల్ లేదు. అందులో ఒకటి పెద్దదైతే బరువంతా అదే మోస్తుంది. చిన్నది నేలను అందీ అందక రాసుకుంటూ పోతుంది. పెద్దది బరువు వల్ల వేడెక్కుతుంది, చిన్నది రాపిడి వల్ల అరిగిపోతుంది. రెండూ చెడిపోతాయి. అందుకే జంట టైర్ల వ్యాసాలలో చిన్న లారీ టైర్లకు 6 మిల్లీమీటర్లు, పెద్ద వాటికి 12 మిల్లీమీటర్లు మించి తేడా వుండకూడదని టైర్ల పనివారు పాటించే పద్ధతి వుంది.

నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే జీపులు, ట్రాక్టర్ల సంగతి ఇంకా సున్నితం. పాత పద్ధతి జీపులో ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ కలిపినప్పుడు రెంటి మధ్య డిఫరెన్షియల్ వుండదు. ముందు టైర్లు ఒక కొలత, వెనుక టైర్లు ఒక కొలత అయితే, గట్టి రోడ్డు మీద ఆ రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. బురదలో అయితే చక్రం జారి ఆ మెలిక విడిపోతుంది. తారురోడ్డు మీద విడిపోయే దారి లేదు. ఏదో ఒక పన్ను విరిగేదాకా లాగుతుంది.

"మరి ట్రాక్టరు ముందు చక్రాలు చిన్నవే గదా" అని ఒక సభ్యుడు అడిగారు. మంచి ప్రశ్న. ముందు వెనుకలు వేరువేరు కొలతలు వుండడం తప్పు కాదు, తయారీదారు ఆ లెక్క వేసి గేర్లు పెట్టినప్పుడు. మామూలు ట్రాక్టరులో ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి, దిశ చూపుతాయి, అంతే. నాలుగు చక్రాల చోదనం గల ట్రాక్టరులో ముందు చిన్న చక్రాలు వెనుక వాటి కన్నా ఒకటి నుంచి అయిదు శాతం వరకు కొంచెం వడిగా లాగేటట్లు గేర్లు కుదిర్చి వుంటారు. వెనుక టైర్లు అరిగిపోయాయని వేరే కొలత వేస్తే ఆ కుదురు చెడుతుంది. ముందు ఇరుసు లాగడం మాని వెనక్కు పట్టడం మొదలుపెడుతుంది, లేదా అతిగా లాగి టైర్లు గీక్కుపోతాయి. కాబట్టి అటువంటి ట్రాక్టరుకు టైరు మార్చేటప్పుడు కంపెనీ పుస్తకంలో ఇచ్చిన జతనే వేయాలి.

కొలత ఒకటే, అయినా తేడా

పక్క గోడ మీద అంకెలు ఒకటే వున్నంత మాత్రాన పని అయిపోలేదు. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు వుంటుంది. చట్టం ప్రకారం కార్లకు, వ్యానులకు 1.6 మిల్లీమీటర్లకు, రెండు మూడు చక్రాల వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే ఒకే పేరు గల కొత్త టైరుకూ, అరిగి చివరికి వచ్చిన టైరుకూ వ్యాసంలో 13 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. ఒక పక్క కొత్తది, ఒక పక్క గుండు టైరు వేస్తే అదీ రెండు కొలతల టైర్లు వేసినట్లే. పైగా వానలో కొత్తది రోడ్డును పట్టుకుంటుంది, గుండుది జారుతుంది.

రీట్రేడింగ్ చేయించిన టైరు మీద వేసిన రబ్బరు మందాన్ని బట్టి దాని కొలత మారుతుంది. చేయిస్తే రెండింటికీ ఒకేసారి, ఒకే మందంలో చేయించాలి. రేడియల్ టైరునూ పాత పద్ధతి నైలాన్ టైరునూ ఒకే ఇరుసు మీద కలపకూడదు. వాటి పక్క గోడలు వంగే తీరు వేరు, మలుపులో రెండు రకాలుగా పనిచేస్తాయి. గాలి సంగతి కూడా మరువరాదు. ఒక టైరులో గాలి తగ్గితే అది కుంగుతుంది, బండి చిన్న టైరు వేసినట్లు నడుస్తుంది.

ఎండలు, పాలు

మన ప్రాంతపు ఎండల గురించి మీకు చెప్పనవసరం లేదు. రెంటచింతల పేరు వేసవిలో పత్రికలన్నింటిలోనూ వస్తుంది. 2022లో జిల్లాలు విడిపోయి రెంటచింతల పల్నాడు జిల్లాలోకి వచ్చింది గాని ఎండ మాత్రం విడిపోలేదు. ఆ ఎండలో కాలిన రోడ్డు మీద, ఎక్కువ బరువు మోస్తున్న టైరు, సరిగా దొర్లక రాసుకుపోతున్న టైరు, తొందరగా పేలుతుంది.

వ్యాను ఆగితే పాలు ఆగవు. పొదుగు నుంచి వచ్చిన పాలు రెండు మూడు గంటలలో చల్లబడడం మొదలుపెట్టాలి, 4 డిగ్రీలకు దిగాలి. అంతవరకు సూక్ష్మజీవుల పెరుగుదల మన గడియారం కన్నా వడిగా నడుస్తుంది. గంటన్నర సేపు రోడ్డు పక్కన ఎండలో నిలిచిన క్యాన్లను కేంద్రం దగ్గర పులిసినవిగా తీసేస్తే, ఆ నష్టం ఒక్క వ్యాను యజమానిది కాదు. ఆ పూట పాలు పోసిన ప్రతి ఇంటిదీ. ఒక్క గేదె మీద సంసారం నెట్టుకొచ్చే సభ్యురాలికి అది ఆ రోజు కూలి. ఆమె ఆ టైరును చూడనైనా చూడలేదు.

స్టెప్నీ మాట

స్టెప్నీ అన్న పేరు వేల్సు దేశంలోని లానెల్లి పట్టణపు స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904 నుంచి అక్కడ అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. కంపెనీ పేరు పోయి వస్తువు పేరుగా మన నోళ్ళలో నిలిచింది. ఈనాడు అనేక కార్లలో స్టెప్నీ మిగతా చక్రాల కన్నా చిన్నదిగా, సన్నగా ఇస్తున్నారు. దాని మీద గంటకు 80 కిలోమీటర్లు మించరాదని రాసి వుంటుంది. అది దగ్గరలోని పంక్చరు షాపు వరకు చేర్చడానికే గాని రూటు నడపడానికి కాదు. అటువంటి స్టెప్నీని వీలైనంత వరకు చోదక ఇరుసు మీద వేయకూడదు. ముందు చక్రాలు లాగే కారులో ముందు టైరు పోతే, వెనుక నుంచి ఒక మంచి చక్రం తీసి ముందుకు వేసి, చిన్న స్టెప్నీని వెనుక పెట్టుకోవాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

సంఘాలు చేయవలసినది

ఇప్పుడు పని మాట. దీనికి యంత్రాలు అవసరం లేదు. ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు.

ఒకటి. టైర్లు చల్లగా వున్నప్పుడు, నాలుగింటిలో గాలి సరిచూసి, సమమైన నేల మీద వ్యాను నిలపండి. ఒక ఇరుసు మీది రెండు టైర్లకూ నేలను తాకే చోట సుద్దతో గీత గీసి, నేల మీద కూడా గీయండి. వ్యానును తిన్నగా ముందుకు తోసి, గీత మళ్ళీ నేలకు వచ్చిన చోట ఇంకో గీత గీయండి. రెండు వైపులా ఆ దూరాలు కొలవండి. రెండు కొలతలు ఒకటిగా వుండాలి. రెండు మూడు సెంటీమీటర్ల తేడా వచ్చినా కారణం వెదకండి. అయిదు దాటితే ఆ జత పనికిరాదు.

రెండు. టైరు గాడుల అడుగున చిన్న రబ్బరు గట్లు వుంటాయి. పక్క గోడ మీద టి.డబ్ల్యు.ఐ. అన్న అక్షరాలో, చిన్న త్రికోణమో వున్న చోటికి నేరుగా చూస్తే కనబడతాయి. టైరు ఆ గట్టు దాకా అరిగితే దాని పని అయిపోయింది.

మూడు. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. పాత టైరు కొనేటప్పుడు ఇది చూడకుండా డబ్బు ఇవ్వకండి.

నాలుగు. టైర్లు కొంటే జతగా కొనాలి. రెండే కొనగలిగితే, కొత్త జతను వెనుక ఇరుసుకు వేయించడం మేలు. వెనుక జారితే బండి అడ్డం తిరుగుతుంది, డ్రైవరు చేతికి రాదు.

అయిదు. నెలకు ఒకసారి, కిరాయి బిల్లు చేసే రోజున, కార్యదర్శి ఈ తనిఖీ చేసి రిజిస్టరులో నాలుగు టైర్ల కొలత, గాడి లోతు రాయాలి. వెన్న శాతం రాసే చేతికి ఇది బరువు కాదు.

ఇక అన్నింటి కన్నా ముఖ్యమైనది చెబుతాము. ఇది కొందరికి రుచించకపోవచ్చు. రూటు కిరాయికి అందరి కన్నా తక్కువకు ఎవరు పాడితే వారికే ఇచ్చి, ఆ తర్వాత టైర్లు మంచివి వేయమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? కిరాయిలో మనం మిగిల్చుకున్న రూపాయి టైరులో నుంచే పోతున్నది. కాబట్టి టైర్లు కొనవలసిన యజమానికి సంఘం కిరాయి మీద బయానా ఇచ్చి, ఆరు నెలల బిల్లులలో వాయిదాలుగా పట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం. గేదె కొనడానికి సభ్యునికి అప్పు ఇప్పించే సంఘం, ఆ గేదె పాలు మోసే బండికి ఒక జత టైర్లు ఇప్పించలేదా? సహకారం అంటే పాలు కలిపి పోయడం ఒక్కటే కాదు గదా. సంఘాల సర్వసభ్య సమావేశాలలో దీన్ని చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము.

దానికి ఎదురు మాట కూడా మేము విన్నాము. "ఇన్నేళ్ళుగా ఇట్లాగే తిరుగుతున్నాము, ఏమీ కాలేదు" అంటారు. ఏమీ కాలేదు అన్నది నిజమే. లోపల అరుగుతున్నది బయటికి రాలేదు గనుక ఏమీ కాలేదు. పొదుగువాపు కూడా మొదట్లో పైకి కనబడదు. పాల ధారను నల్లని బట్ట మీద పిండి చూసిన వారికే ముందుగా తెలుస్తుంది. చూసిన వారు గేదెను దక్కించుకుంటారు. టైరుకు సుద్ద గీత అటువంటి పరీక్షే.

ఈ నెల బిల్లు చేసే ముందు మీ రూటు వ్యానును పాల కేంద్రం ముందు నిలిపి, అయిదు నిమిషాలు ఈ పరీక్ష చేయండి. యజమానిని పక్కన నిలబెట్టుకొని, అతని చేతనే టేపు పట్టించండి. తేడా వుంటే తిట్టకండి, జత కొనే దారి చూపండి. వచ్చిన కొలతలు రవాణా విభాగానికి రాసి పంపితే, ఏ బండికి ఏ జత కుదురుతుందో మేము తిరిగి వ్రాయగలము.